వేలికి తెలుసు

కాశీబుగ్గ రైల్వే గేటు దాటకముందే
ముక్కుకి తెలిసిపోతుంది,
కళ్ళకంటే ఓ ఫర్లాంగు ముందే:
జీడితొక్క కాలుతున్న ఘాటు.
వచ్చిన కొత్తలో తుమ్ములే తుమ్ములు.
ఆరేళ్ళయింది. ఇప్పుడు
ఆ వాసన తగలని రోజే నాకు జలుబేమోనని అనుమానం.

రంగులు వేరుచేసే మెషిన్‌కి కాపలా నా పని.
పప్పు వరసగా జారుతుంటే
కెమెరా చూస్తుంది, గాలి టప్పున కొడుతుంది,
మచ్చ ఉన్నది పక్క తొట్టిలో పడుతుంది.
చూపుకీ దెబ్బకీ మధ్య
రెప్ప వేసేంత సందు కూడా లేదు.

దానికి చదువు చెప్పింది తవిటమ్మ.
కోయంబత్తూరు ఇంజనీరు వచ్చి
మంచివేవో కానివేవో చూపించమంటే
రెండు చేటలు ముందేసుకుని
మూడు రోజులు చూపించింది.
"ఇదెందుకు కాదు?" అన్నాడతను, ఒక తెల్లటి గింజ పట్టుకుని.
"ఏలికి తెలిసిపోనాది బాబూ,
నాకింకా తెలీలేదు."
అతను నవ్వలేదు. కంప్యూటర్లో ఏదో కొట్టుకున్నాడు.
ఆ మాటని ఏ గడిలో పెట్టాడో
ఇప్పటికీ నాకు అంతుపట్టదు.

ముప్పై మంది కూర్చున్న బల్లల దగ్గర
ఎనిమిది మంది మిగిలారు,
మెషిన్ చేసిన తప్పులు ఏరడానికి.

నెల మొదట్లో రేషన్ డిపోలో
తవిటమ్మ బొటనవేలు పెడుతుంది. ఎర్రలైటు.
చూపుడువేలు. ఎర్రలైటు.
చీర చెంగుతో తుడిచి మళ్ళీ బొటనవేలు.
పదకొండేళ్ళు గింజ కొట్టిన చేతులు,
జీడిసొన గీతలన్నీ తినేసి
గచ్చులా నున్నగా వదిలేసింది.
"కన్నెట్టు పిన్నీ, కన్ను," అంటాడు డీలరు ఢిల్లేసు.
కన్ను పెట్టి, బియ్యం పట్టి, నాతో అంటుంది:
"రెండునలబయ్యో మూడిరవయ్యో
సీకట్లో సెప్తాదీ ఏలు.
నానెవులో మాత్తరం సెప్పనేదంట."

చీటీ పాడి ఫోను కొనుక్కుంది.
ఫోను పేరడగలేదు, ముద్రలడగలేదు,
తాకితే చాలంది.
మధ్యాహ్నం అన్నం గిన్నె పక్కన పెట్టి
వీడియోలు పైకి తోస్తుంటే చూశాను,
అదే బొటనవేలు, అదే విసురు:
గుండు, బద్ద, ముక్క, మచ్చ.
ఓ వంట, ఓ కొట్లాట, ఓ కుక్కపిల్ల, మళ్ళీ ఓ వంట.
"ఏటి ఏరతన్నావు పిన్నీ?"
"తరవాతది మంచిదేమోనని."
"వచ్చిందా?"
"నిన్న రేతిరి సూసినాను. తెల్లారిపోనాది."

నేను నవ్వే మనిషినేం కాదు.
మూడింటికి మెలకువొస్తే
దాహం వేసిందో లేదో చూసుకోకముందే
నా చెయ్యి దిండు కిందికి వెళ్ళిపోతుంది.

తుపాను ముందు సాయంత్రం కరెంటు పోయింది.
జనరేటర్‌లో డీజిలు లేదు.
మెషిన్ ఊపిరి ఆపింది. అప్పుడు
నా తొడ మీద ఫోను కంపించింది.
చెయ్యి పెట్టాను. జేబు ఖాళీ.
ఫోను అవతల ఛార్జింగు బోర్డు దగ్గరుంది, చచ్చిపడి.
తోలు కూడా ఎదురుచూడ్డం నేర్చేసుకుంది కాబోలు.

చీకట్లో చిన్న చప్పుడు.
చిట్, చిట్. వానచినుకులనుకున్నా.
ఎనిమిది మంది పప్పు ఏరుతున్నారు,
లారీ పొద్దున్నే పోవాలి మరి.
దీపమైనా అడగలేదెవరూ.

నేనూ ఓ చేటలో చెయ్యి పెట్టాను.
అన్నీ ఒకటే. చంద్రవంక, చంద్రవంక, చంద్రవంక.
తవిటమ్మ నా మణికట్టు పట్టుకుని
ఒక గింజ మీద బొటనవేలు ఆనించింది.
"గబగబా అడక్కు దాన్ని. ఉంచీ, అంతే."

ఉంచాను.
ఎంతసేపో.
ఏదో తెలుస్తున్నట్టే అనిపించింది,
అంతలో లైట్లు వచ్చేశాయి.
మెషిన్ మూడుసార్లు మిణుకుమని
నమూనా చూపించమంది.

అక్కుపల్లి ఆటోలో ఇంటికి పోతుంటే
ఎనిమిది మొహాల మీద ఎనిమిది నీలం వెలుగులు.
నా గుప్పెట్లో ఆ గింజ ఉండిపోయింది.
రెండునలభై అనుకున్నాను.
ఎవర్నీ అడగలేదు.
తినేశాను.